స ప స మ స గ

వీణ శ్రుతి చేసే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఒక అలవాటు అబ్బుతుంది. పక్క గదిలో ఎవరు తీగ సవరిస్తున్నా చెవి అటే పోతుంది. ఆ తీగ చేరవలసిన చోటికి చేరేదాకా చేతిలో పని సాగదు. మీలో ఎవరికైనా ఈ అలవాటు ఉంటే, పోయిన సంక్రాంతికి మా ఇంట్లో నేను పడ్డ అవస్థ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా తమ్ముడి కొడుకు పండక్కి బెంగళూరు నుంచి కాకినాడ వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడు. బట్టల సంచీ భుజాన వేలాడుతుంటే, గిటారును మాత్రం చంటిపిల్లను ఎత్తుకున్నట్టు హత్తుకుని రైలు దిగాడు. భోగి ముందు రోజు మధ్యాహ్నం నేను అరిసెల పాకం దగ్గర ఉన్నాను. ముందు గదిలో వాడు తీగలు సవరించడం మొదలుపెట్టాడు. బిగిస్తాడేమో అనుకుంటే, వదులు చేస్తున్నాడు. అన్నిటికంటే లావు తీగ దిగుతోంది, ఇంకా దిగుతోంది, ఎక్కడా ఆగదే!

"ఏంట్రా, తీగలు పాడయ్యాయా?" అని వంటింట్లోంచే కేకేశాను.

"లేదత్తా. ఈ పాటకి ఇలాగే పెట్టాలి. మామూలు శ్రుతిలో వాయిస్తే రాదు."

పాకం దించి, చేతులు తుడుచుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆరు తీగలూ ఒక్కొక్కటే వినిపించమన్నాను. లావు తీగ షడ్జం అనుకుంటే రెండోది పంచమం. మూడోది మళ్ళీ షడ్జం. నాలుగోది శుద్ధ మధ్యమం. ఐదోది పై షడ్జం. ఆఖరి సన్నతీగ అంతర గాంధారం. స ప స మ స గ అని పాడి చూపించాను. వాడు కళ్ళు పెద్దవి చేసి, "నీకీ పాట తెలుసా అత్తా?" అన్నాడు.

పాట తెలియదు. శ్రుతి తెలిసింది. ఆ పాట కట్టిన ఇంగ్లీషు గాయకుడు నిక్ డ్రేక్ మా ఇంట్లోకి ఆ దారినే వచ్చాడు.

ఈ శ్రుతి సంగతి కాస్త చెప్పనివ్వండి, తర్వాత చెప్పేదంతా దాని మీదే నిలబడుతుంది. గిటారుకు మామూలుగా ఉండే శ్రుతి నుంచి ఇక్కడికి రావాలంటే నాలుగు తీగలు కిందికి దిగాలి, ఒకటి అర స్వరం పైకి ఎక్కాలి. సన్నతీగ ఒక్కటే ఉన్నచోట ఉంటుంది. ఇంత శ్రమ ఎందుకంటే, మన వీణనే తీసుకోండి. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని వాయించే తీగలు నాలుగు, పక్కన తాళపు తీగలు మూడు. ఏడింటిలోనూ ఉండేవి షడ్జ పంచమాలే. ఏ మెట్టూ నొక్కకుండా ఊరికే మీటినా గదంతా ఒక శ్రుతిలోకి వచ్చి కూర్చుంటుంది. మామూలు గిటారును అలా మీటితే ఆ కూర్పు కుదరదు. ఎడమచేయి ఏదో ఒక పట్టు పడితేగాని తీగలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. నిక్ డ్రేక్ శ్రుతినే మార్చేసి, చేయి పడకముందే తీగలు మోగేలా చేసుకున్నాడు. కింద లావు తీగలు తంబురాలా నిలబడి ఉంటాయి, పైన పాట నడుస్తుంది, ఎడమచేతికి తీరిక దొరుకుతుంది. ఇంగ్లండులో డేవీ గ్రాహం లాంటివాళ్ళు అప్పటికే ఈ దారి తొక్కారు. కానీ పాటకు తగ్గ శ్రుతి పెట్టుకుని, ఆ శ్రుతిలోంచే పాట పుట్టించడంలో ఇతనిది వేరే చేయి.

ఆ రాత్రి భోజనాలయ్యాక వసారాలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. మా వాడు చిన్న స్పీకరు తెచ్చి మా తాతగారి నాటి స్తంభం పక్కన పెట్టాడు. ఆల్బమ్ పేరు 'పింక్ మూన్'. పదకొండు పాటలు, మొత్తం కలిపి 28 నిమిషాలు. మన కచేరీల్లో ఒక రాగం తానం పల్లవికి పట్టే సమయం కూడా కాదు. ఒక గొంతు, ఒక గిటారు. మొదటి పాటలో ఒక్కచోట పియానో నాలుగు మెట్లు దిగి వచ్చి, చూసిపోయిన చుట్టంలా వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆల్బమ్ అయిపోయేదాకా ఆ పియానో కనిపించదు.

గొంతు ఎలా ఉందంటారా? విజయవాడ రేడియోలో లలిత సంగీతం విన్నవాళ్ళకు ఒక పోలిక చెబుతాను. మైకు పక్కనే కూర్చుని, పక్కింటివాళ్ళకు నిద్రాభంగం కాకూడదన్నట్టు పాడే పద్ధతి ఉండేది చూడండి, ఆ దగ్గరతనం ఇందులో ఉంది. మాటల చివరలు మెత్తగా కరిగిపోతాయి. ఊపిరి వినిపిస్తుంది. కృష్ణశాస్త్రి గారి దుఃఖం చదువుకుని పెరిగిన తరం మాది. ఆ దుఃఖం గొంతెత్తి, తనంత తానుగా తన బాధను ప్రేమించి, లోకానికి వినిపిస్తుంది. ఈ అబ్బాయి దుఃఖం అలా కాదు. ఎవరైనా విన్నారా అని తల తిప్పి చూడనైనా చూడదు.

రెండోసారి వింటున్నప్పుడు మా వాడు అతని కథ మొదలుపెట్టబోయాడు. చచ్చిపోయాడు అత్తా, ఇరవై ఆరేళ్ళకే, అన్నాడు. ఆగరా అన్నాను. ముందు విననీ అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంది. ఎందుకంటే ఆ తర్వాత నేను ఈ ఆల్బమ్ గురించి చదివినచోటల్లా ఒకటే మాట: ఇది మునిగిపోతున్న మనిషి ఆఖరి కేక అని. నేను విన్నది అది కాదు. మీరు కూడా కేక వినబోతున్నామనుకుని వినకండి, కుడిచేతి బొటనవేలిని వినండి. ఆ వేలు ఒక్క పాటలో కూడా తడబడదు. లావు తీగల మీద అది గడియారంలా నడుస్తుంటే, మిగతా వేళ్ళు పైన అల్లిక అల్లుతుంటాయి, వాటితో నిమిత్తం లేకుండా గొంతు తన తాళంలో తను వెనకా ముందూ అవుతూ పాడుతుంటుంది. మూడు పనులు, ఒక మనిషి, ఒకేసారి. వీణ వాయిస్తూ పాడబోయి చతికిలబడిన ఆడపిల్లలు మా ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నారు. అదెంత సాధనో వాళ్ళనడగండి.

'రోడ్' అనే పాట ఉంది, రెండు నిమిషాలు. గిటారు వానధారలా ఆగకుండా పడుతుంటే మాటలు కొన్నే, అంతే. 'నో' అనే పాటలో ఒకే ఒక్క చిన్న గిటారు ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, సాహిత్యం నాలుగు చిన్న పంక్తులు, మిగతాదంతా కూనిరాగం. 'హార్న్' అనేదానిలో మాటే లేదు. ఉన్న తీగల్లో సగం మోగించకుండా వదిలేసినట్టుంటుంది. అంత తక్కువతో సరిపెట్టడం చేతగాక కాదు, ఎక్కడ ఆపాలో తెలిసి. ఇక 'థింగ్స్ బిహైండ్ ది సన్' విన్నరోజు నేను మా వాణ్ణి పడుకోనివ్వలేదు. ఐదుసార్లు పెట్టించుకున్నాను.

ఇప్పుడు కథకు వద్దాం.

ఈ ఆల్బమ్ రికార్డు చేసింది 1971 అక్టోబరులో. లండన్‌లో చెల్సీ దగ్గర సౌండ్ టెక్నిక్స్ అనే స్టూడియో ఉండేది, ఒకప్పుడు అది పాల డెయిరీ. పగలంతా వేరేవాళ్ళ రికార్డింగులు. అవి ముగిశాక, రాత్రి పదకొండు ప్రాంతంలో, నిక్ డ్రేక్ వచ్చేవాడు. లోపల ఉన్నది ఇద్దరే, అతను, ఇంజినీరు జాన్ వుడ్. రెండు రాత్రుల్లో పని అయిపోయింది. అప్పటికి నిక్ వయసు 23. అంతకు ముందు రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, ఏదీ అమ్ముడుపోలేదు. అతను బతికుండగా మూడింటిలో ఏ ఒక్కటీ 5,000 కాపీలు దాటలేదని చెబుతారు. జనంలోకి వెళ్ళడం మానేశాడు. మనసుకు జబ్బు చేసి మందులు వాడుతున్నాడు. ఇవన్నీ నిజాలే, నేను కాదనను. మనిషి బాగా లేడు. కానీ చేయి బాగుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే రాత్రి ఉండగలవు.

నా మాటకు సాక్ష్యం కూడా ఉంది. 1974లో అతను మళ్ళీ అదే స్టూడియోకు వెళ్ళాడు. ఈసారి పాడుతూ వాయించడం కుదరలేదు. ముందు గిటారు రికార్డు చేసి, దాని మీద గొంతు వేరేగా కలపవలసి వచ్చింది. అప్పుడు చేసిన కొన్ని పాటలు తర్వాత విడుదలయ్యాయి. అవి వింటే గుండె పిండినట్టవుతుంది. చేయీ గొంతూ ఒకదాన్నొకటి వదిలేసింది అక్కడ. 'పింక్ మూన్' నాటికి అవి ఇంకా కలిసే ఉన్నాయి. రెండున్నరేళ్ళ తర్వాత జరిగినదాన్ని తెచ్చి ఆ రెండు రాత్రుల మీద పరచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

1974 నవంబరు 25న, ఇంగ్లండు నడిమధ్యన టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్ అనే పల్లెలో, తల్లిదండ్రుల ఇంట్లో పోయాడు. విచారణాధికారి ఆత్మహత్య అని రాశాడు. దగ్గరివాళ్ళలో అది ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. దీని గురించి ఇంతకంటే మాట్లాడాలని నాకు లేదు.

పుట్టిన చోటు గురించి మాత్రం మాట్లాడాలి. మా వాడు అది చదివి వినిపించినప్పుడు నేను స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాను. 1948 జూన్ 19, రంగూన్.

రంగూన్ అంటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మాకు అది రంగం. మా అమ్మమ్మ తరంలో "రంగం వెళ్ళాడు" అంటే ఇంటికి డబ్బు వస్తుందని, మనిషి వస్తాడో రాడోనని. కాకినాడ పక్కనే ఉన్న కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు. రంగం రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పని చేసింది ఎక్కువగా మనవాళ్ళే. 1931 నాటికి ఆ ఊరి జనాభాలో సగానికి పైగా భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళేనంటే ఊహించుకోండి. మా తాతగారు అక్కడ ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. 1942లో జపానువాళ్ళు వచ్చినప్పుడు లక్షల మందితో పాటు ఆయనా కాలినడకన బయల్దేరారు. ఆ నడక గురించి ఇంట్లో ఎవరితోనూ ఎన్నడూ మాట్లాడలేదు. వసారా స్తంభాలు మాత్రం అంతకు ముందే ఓడలో వచ్చాయి. రంగం టేకు. గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళు చూసినవాళ్ళకు ఆ కర్ర విలువ తెలుసు. చెదపట్టదు, వంగదు, నూరేళ్ళకు కూడా చేత్తో రాస్తే నూనె మెరుపు తేలుతుంది.

నిక్ తండ్రి రాడ్నీ డ్రేక్ ఇంజినీరు. ఉద్యోగం బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్లో. ఆ కంపెనీ చేసిన పెద్ద వ్యాపారమే బర్మా టేకు. ఈ కంపెనీకి టేకు విషయంలో బర్మా రాజు జరిమానా వేస్తే, దాన్ని సాకుగా తీసుకుని 1885లో ఇంగ్లీషువాళ్ళు యుద్ధం చేసి ఆ దేశాన్ని పూర్తిగా కలిపేసుకున్నారు. మా స్తంభం ఆ కంపెనీ నరికించిన చెట్టేనని నేను అనను. మా తాతగారికీ ఆ కుటుంబానికీ ఏ పరిచయమూ ఉండే వీలు లేదు. దొరలుండే వీధుల్లో ఆయనకు పనేముంటుంది? ఒకే ఊళ్ళో రెండు లోకాలవి. అయినా ఆ రాత్రి నా వీపు ఆ కర్రకు ఆని ఉంది, ఆ గొంతు దాని పక్కనే పాడుతోంది. అరచేయి తీసుకెళ్ళి స్తంభం మీద పెట్టాను. గిటారు లావు తీగ మోగినప్పుడల్లా కర్ర సన్నగా అదురుతోంది.

నిక్ తల్లి మాలీ సంగతి వింటే మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆమె కూడా రంగంలోనే పుట్టింది, తండ్రి ఐసీఎస్ అధికారి. 1942లో ఆమే, తోబుట్టువు నాన్సీ బర్మా వదిలి ఢిల్లీ చేరారు. అక్కడ అక్కచెల్లెళ్ళిద్దరూ ఆల్ ఇండియా రేడియోలో లాయిడ్ సిస్టర్స్ పేరుతో పాడేవారు. మన రేడియోలోనే! నిక్ అక్క గాబ్రియెల్ 1944లో లాహోరులో పుట్టింది. పెద్దయ్యాక నటిగా పేరు తెచ్చుకుంది. నిక్ పసితనంలోనే కుటుంబమంతా ఇంగ్లండు వెళ్ళిపోయింది. అక్కడ పల్లెలో, ఫార్ లేస్ అనే ఇంట్లో, మాలీ పియానో ముందు కూర్చుని తను రాసుకున్న పాటలు తనే పాడుకునేది. ఎవరికీ వినిపించాలని కాదు. భర్త ఇంట్లోనే టేపు రికార్డరు పెట్టి వాటిని పట్టి ఉంచాడు. 2013లో అవి ఆల్బమ్‌గా బయటికి వచ్చాయి.

అవి తప్పకుండా వినండి. కొడుకు పాటలు విన్నాక వినండి. ఆ గొంతు తగ్గించి పాడటం, సుఖాంతంగా ముగుస్తుందనుకున్న వాక్యం ఉన్నట్టుండి నీడలోకి తిరగడం, స్వరాల కూర్పులో ఆ వింత మలుపులు, అన్నీ అక్కడ ఉన్నాయి. ఈ అబ్బాయి దుఃఖమంతా జబ్బులోంచి వచ్చిందనుకునేవాళ్ళు మాలీని వింటే ఆగి ఆలోచిస్తారు. అది వాళ్ళింటి పాట. అమ్మ ఒడిలో పిల్లవాడు నేర్చుకున్న బాణీ. మనకు లాలిపాటల్లో సీతమ్మ కష్టాలు కలిసి రావడంలేదూ? పిల్లవాడు నిద్రపోతాడు గాని, ఆ బాణీ ఎక్కడికీ పోదు.

మిగతా చదువు, పాటల కథ త్వరగా చెప్పేస్తాను. మార్ల్‌బరో బడిలో పరుగు పందేలవాడు, పియానో, క్లారినెట్, సాక్సఫోన్ వాయించేవాడు. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతూ, డిగ్రీకి కొద్ది నెలలుందనగా మానేశాడు. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందంలోని ఆష్లీ హచింగ్స్ ఒక కచేరీలో చూసి జో బాయిడ్ అనే నిర్మాతకు చెప్పాడు. 1969లో మొదటి ఆల్బమ్ 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్' వచ్చింది. సిగరెట్ చుట్టుకునే రిజ్లా కాగితాల పొట్లంలో, ఇంకా ఐదే మిగిలాయని గుర్తుచేసే చీటీ ఒకటి ఉండేది. పేరు అక్కణ్ణుంచి తీసుకున్నాడు. అందులో 'రివర్ మ్యాన్' విన్నప్పుడు నా చేయి దానంతటదే తొడ మీద తాళం వేసింది. ఐదు మాత్రల నడక! ఖండ చాపు లెక్క తెలిసినవాళ్ళకు ఆ పాట వెంటనే తలుపు తీస్తుంది. అడుగున తీగ వాద్యాలు పొగమంచులా లేస్తుంటే ఆ ఐదు మాత్రలు ఎక్కడా విరగకుండా నదిలా పోతుంటాయి.

రెండోది, 1971లో వచ్చిన 'బ్రైటర్ లేటర్', నాకు అంతగా పట్టలేదు. డ్రమ్ములు, సాక్సఫోన్ అన్నీ చేరి అతన్ని పెళ్ళిపందిట్లో మూల కుర్చీలో కూర్చోబెట్టినట్టుంటుంది. 'నార్తర్న్ స్కై' ఒక్కటి వేరు. అందులో జాన్ కేల్ వాయించిన చిన్న గంటల్లాంటి సెలెస్టా విన్నాక ఎవరైనా ఆ ఆల్బమ్‌ను క్షమిస్తారు.

కచేరీలు ఎక్కువగా ఎందుకు చేయలేదు అని మా వాణ్ణి అడిగాను. జవాబు మళ్ళీ శ్రుతి దగ్గరికే వచ్చింది. పాటను బట్టి శ్రుతి మారుతుందంటే పాటకూ పాటకూ మధ్య తీగలు మళ్ళీ సవరించుకోవాలి. మన సభల్లో విద్వాంసుడు శ్రుతి చూసుకుంటుంటే జనం ఓపిగ్గా కూర్చుంటారు, అది కూడా సంగీతంలో భాగమే మనకు. అక్కడ క్లబ్బుల్లో, కాలేజీ హాళ్ళలో, బీరు గ్లాసులతో నిలబడ్డ జనం కబుర్లలో పడిపోయేవారు. ఈ అబ్బాయి వాళ్ళతో ఒక్క ముక్క మాట్లాడేవాడు కాడు. వేదిక మీద తల వంచుకుని బిరడాలు తిప్పుకుంటూ ఉన్న ఆ మనిషిని తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అతను పాడుతుండగా తీసిన ఫిల్మ్ ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఫొటోలు, టేపులు, అంతే.

ఆ టేపులైనా మనదాకా వచ్చాయంటే ఒక మంచి పని జరిగింది. జో బాయిడ్ తన కంపెనీని ఐలండ్ రికార్డ్స్‌కు అప్పగించినప్పుడు, నిక్ డ్రేక్ ఆల్బమ్‌లు ఎప్పటికీ మార్కెట్లో దొరుకుతూనే ఉండాలని షరతు పెట్టాడు. అమ్ముడుపోని పాటల మీద అంత నమ్మకం! 1979లో మూడు ఆల్బమ్‌లూ కలిపి పెట్టెగా వేశారు. నెమ్మదిగా గాయకులు ఒకరికొకరు చెప్పుకున్నారు. 1999 చివర్లో అమెరికాలో ఒక ఫోక్స్‌వాగన్ కారు ప్రకటనలో 'పింక్ మూన్' వాడితే అమ్మకాలు ఒక్కసారిగా లేచాయి. కారు అమ్మే ప్రకటన ద్వారానా అని మొదట నాకు కష్టంగానే అనిపించింది. తర్వాత అనుకున్నాను, మా ఇంటికి అరిసెల పాకం మధ్యలో వచ్చినవాడు, ఇంకెవరింటికి ఏ దారిన వెళితేనేం.

ఆల్బమ్ ఆఖరి పాట పేరు 'ఫ్రమ్ ది మార్నింగ్'. తెల్లవారడం గురించి. గిటారు చకచకా, కాలవ నీళ్ళు రాళ్ళ మీద దూకినట్టు పరుగెడుతుంది. ఆ పాటలోని మాటలనే టాన్‌వర్త్ చర్చి ఆవరణలో, ఓక్ చెట్టు కింద ఉన్న అతని సమాధి రాతి మీద చెక్కించారు. చీకటి ఆల్బమ్ అనేవాళ్ళు అక్కడిదాకా విన్నారో లేదో. మా వాడు కనుమ నాటికి ఆ పాట సగం పట్టుకున్నాడు. ఎడమచేయి వచ్చేసింది. కుడిచేతి బొటనవేలు మాత్రం లొంగలేదు. "వేలు నిలబడటంలేదత్తా" అన్నాడు. రోజూ తెల్లవారుఝామున ఒక గంట ఆ వేలొక్కటే వాయించు, మిగతావి తీగల మీద పెట్టకు అని చెప్పాను. మా గురువుగారు నాకు చెప్పిన పాఠమే.

తిరుగు రైల్లో జనం ఎక్కువని, మళ్ళీ ఉగాదికి వస్తానని, గిటారు ఇక్కడే వదిలి వెళ్ళాడు. తీగలు మామూలు శ్రుతికి పెట్టమంటావా అని అడిగాడు. వద్దన్నాను. ముందు గదిలో నా వీణ పక్కన గోడకు ఆనించి ఉంది. వాతావరణానికి శ్రుతి కొంచెం జారుతుంటుంది. సాయంత్రం దీపం పెట్టాక వెళ్ళి ఒక్కొక్క బిరడా సరిచేస్తాను. తర్వాత ఏమీ నొక్కకుండా బొటనవేలితో లావు తీగ నుంచి సన్నతీగ దాకా ఒక్కసారి మీటుతాను. పక్కన వీణ తీగలు వాటంతట అవే పలుకుతాయి.